దించినవాడే ఎక్కించాలి

అక్క వేసవిలో పోయింది. నేను ఏడవలేదు. గొప్పకు చెప్పడం లేదు, ఏడుపు రాలేదు, అంతే. పదో రోజున కూడా వచ్చినవాళ్ళకు విస్తళ్ళు సరిపోయాయా లేదా అన్నదే చూసుకున్నాను. ఆ తర్వాతా అంతే. కాఫీ తాగితే వేడిగా ఉందని తెలిసేది, బాగుందని తెలిసేది కాదు. గూడూరులో డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, ఏమీ లేదు, రోజూ నడవండి అన్నాడు. ఎక్కడ నడవాలో చెప్పలేదు. జనం దీవెనల కోసం గుళ్ళకు పోతారు. నేను దీవులకు పోవడం మొదలుపెట్టాను.

పులికాట్ సరస్సులో వాటికి కొదవ లేదు. తడ దాకా బస్సు, రేవు దాకా ఆటో, అక్కణ్ణించి పడవ. జిల్లాలు మార్చాక ఆ వైపు నెల్లూరు కాదంటున్నారు. ఆ సంగతి కొంగలకూ నాకూ ఇంకా ఎక్కలేదు. రెండు నెలల్లో ఐదారుసార్లు పోయాను. ఎక్కడం, దిగడం, నడవడం, మళ్ళీ ఎక్కడం. ఏం చూశావని ఇంట్లో అడిగితే చూపించడానికి చెప్పుల మీద బురద తప్ప ఏమీ ఉండేది కాదు.

డిసెంబరులో ఒకరోజు ఎక్కిన పడవ ఒక జాలరిది. నలభై ఏళ్ళుంటాయి. పగలు జనాన్ని దీవికి దాటించి, సాయంత్రం వలకు పోతాడు. రేషన్ బియ్యం మూటలతో ఎక్కిన ఇద్దరు ఆడవాళ్ళను దీవి ఊళ్ళో దించాక, నన్ను ఇంకాస్త ముందుకు, మనుషులు లేని దిబ్బ దగ్గరికి తీసుకుపోయాడు. గెడ బురదలో గుచ్చి పడవ ఆపాడు.

"సార్, మూడు గంటలకు ఈడే ఉండాల. ఈ పొద్దు నాకు పాడుంది."

"ఏం పాడైంది?" అన్నాను. మాటలతో ఆడుకునే జబ్బు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. మిగతావన్నీ మొద్దుబారినా అది మాత్రం చావలేదు.

అతను నవ్వలేదు, ఓపిగ్గా చెప్పాడు. సరస్సులో రొయ్యలు బాగా పడే జాగాలు కొన్నే. ఊరంతా చీట్లు వేసుకొని వాటిని వంతులుగా పంచుకుంటారు. ఆ వంతు పేరే పాడు. వంతు వచ్చినవాడు పొద్దుగూకేలోపు తన జాగాలో కర్రలు పాతి వల కట్టాలి. సూర్యుడు మునిగేసరికి అక్కడ లేకపోతే వంతు తర్వాతివాడికి పోతుంది.

"సముద్రం నీళ్ళు లోపలికొచ్చే నోరు కాడ సార్, ఈసారి నా జాగా. అట్టాంటి జాగా ఏడాదికొక పాలి వస్తే గొప్ప. మూడు గంటలు, సార్."

"మూడు," అన్నాను.

దిబ్బ మీద సర్కారు తుమ్మ, ఇసుక, కూలిన ఇటుక గోడ ఒకటి. డచ్చివాళ్ళ గిడ్డంగి అని కొందరు, కాదు ఉప్పు కొఠారు అని కొందరు అంటారు. గోడ ఏమీ అనలేదు. మేమిద్దరం కాసేపు ఒకరినొకరు చూసుకున్నాం. తర్వాత అవతలి ఒడ్డున కూర్చున్నాను. ఎదురుగా రాజహంసలు, వందల్లో, తలలు నీళ్ళలో ముంచి. చూస్తూ ఉన్నాను. చూస్తున్నాననే అనుకున్నాను. వాచీ వైపు కళ్ళు తిరిగేసరికి నాలుగు దాటింది.

లేచి అడ్డదారి పట్టాను. పైకి ఎండి బీటలు వారిన నేలే, లోపలంతా బురద. మోకాళ్ళ దాకా దిగబడ్డాను. ఒక కాలు లాగితే రెండోది దిగుతోంది. భయం వేయాల్సింది. వేయలేదు. చివరికి ఇక్కడ ఆగిపోయానన్నమాట, అనుకున్నాను.

అతనే వెతుక్కుంటూ వచ్చాడు. "బోర్లా పండుకో సార్! పండుకొని జరుగు!" అని అరిచి, గెడ చాపి లాగాడు. ఒక్క మాట తిట్టలేదు. జేబులో సెల్లు మాత్రం మోగుతూనే ఉంది. ఎత్తితే అతని భార్య గొంతు నాక్కూడా వినపడింది.

"యాడుండావయ్యా? తర్వాత పాడు మీ బావదే గదా, అప్పుడే కర్రలేసుకొని బయల్దేరినాడు!"

"వస్తా ఉండా, వస్తా ఉండా."

"నన్ను వదిలేసి పోవాల్సింది," అన్నాను పడవెక్కుతూ. "ఊళ్ళో ఎవరికైనా చెబితే తీసుకొచ్చేవాళ్ళు."

"ఎట్ట పోతాం సార్? దించినోడే ఎక్కించాల." పొద్దు తూర్పున పొడుస్తుంది అన్నంత మామూలుగా అన్నాడు.

నన్ను రేవులో దించి పోయే వ్యవధి లేదు. ఇంజను వేసి నేరుగా జాగాకే పోనిచ్చాడు. కర్రలు, వల పడవ అడుగునే ఉన్నాయి. పొద్దున నేను మెత్తగా ఉందని కూర్చున్న మూట వలేనట. నీళ్ళు లాగేశాయి, పడవ రెండుచోట్ల నేలకు తగిలింది. ఇద్దరం దిగి తోశాం. అతను సూర్యుణ్ణి చూస్తున్నాడు, నేను అతణ్ణి చూస్తున్నాను.

ఇంకో వంద బారల దూరం ఉండగా సూర్యుడు దిగిపోయాడు. అతను ఇంజను ఆపేశాడు. చుట్టూ ఐదారు పడవలు తమ తమ జాగాల్లో ఉన్నాయి. నోటి దగ్గర నడుం లోతు నీళ్ళలో కర్ర పట్టుకొని నిలబడ్డ బావ కేక వేశాడు.

"ఏం బావా, పెండ్లి అయిపోయినాక పీటలేసుకొని వస్తా ఉండావే!"

"సారుకు పక్షులు చూపించేదానికి పోయినాలే."

"కాసేపు ఆగినా బావా. అందరూ చూస్తా ఉండారు, నేనేం జేసేది?"

"కట్టుకో, కట్టుకో." అని, నీళ్ళలోకి దూకి, బావ పాతుతున్న కర్రను తనే పట్టుకున్నాడు.

రేవుకు చేరేసరికి అతని భార్య నిలబడి ఉంది. మొగుణ్ణి దాటుకొని నా దగ్గరికి వచ్చింది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"పక్షుల్ని బాగా చూసినారా సార్?"

"చూశానమ్మా."

"ఎట్ట ఉండాయి? ఈడనే పుట్టినాం, తలెత్తి చూసే తీరికే లేదు మాకు."

నోరు తెరిచాను. రెక్కల అంచు గులాబీ రంగని ఎక్కడో చదివింది చెప్పొచ్చు. నా కళ్ళతో చూసింది మాత్రం ఒక్కటీ దొరకలేదు.

"సరిగ్గా చూడలేదమ్మా," అన్నాను.

"అయితే దేనికి సార్, అంతసేపు?"

ఆటో వచ్చింది, ఎక్కాను.

ఊరి వంతులన్నీ తిరిగి మళ్ళీ తనదాకా రావడానికి పదహారు రోజులని రేవుకు వస్తూ అతను చెప్పాడు, నేను ఫోన్ నంబరు రాసుకున్నాను. పదిహేడో రోజు పొద్దున్నే ఫోన్ చేశాను.

"నిన్న వల కట్టావా?"

"కట్టినా సార్. ఈ పాలి జాగా శానా లోపలికి. పీతలు, పిడికెడు రొయ్యలు."

"ఆ నోటి దగ్గరి జాగా?"

"అదింక వచ్చే ఏడాది చీట్లలో చూడాల."

వెనకనుంచి భార్య ఎవరని అడిగింది. ఆ సారే అన్నాడు. ఏం గావాలంట అంది. ఏమీ లేదు, వల సంగతి అడగతా ఉండాడు అన్నాడు. పడవకు జనం వచ్చారని పెట్టేశాడు.

చీట్లు ఏ నెలలో వేస్తారో అడగడం మరిచిపోయాను. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. మధ్యాహ్నం ఇంకోసారి చేశాను.