తియ్యమన్న వాల్వు

ఆ కార్ల రిపేరు షెడ్డులో మేస్త్రులు ఇద్దరు. పెద్ద మేస్త్రి తండ్రి, చిన్న మేస్త్రి కొడుకు. పేరుకే చిన్న, షెడ్డు చేతికొచ్చాక పెత్తనమంతా అతనిదే. అతను ఏ పని చెబితే అది తండ్రి చేసుకుపోయేవాడు. కొడుకు నోరు మాత్రం, కస్టమరు ఎదురుగా ఉంటే, ఒక పిసరు ఎక్కువే లేచేది.

లాయరుగారికి రెండు సీట్ల పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారొకటి ఉంది, ఎర్రది. దాన్ని పెద్ద మేస్త్రి తప్ప ఇంకొకరు ముట్టుకుంటే ఆయన ఊరుకోరు. చలి మొదలయ్యేసరికి దాని హీటరు మొరాయించింది. ఇంజను నుంచి వేడినీళ్లను హీటరుకు వదిలే వాల్వు పాడైంది. పెద్ద మేస్త్రి నీళ్లు దింపేసి, పాతది విప్పి, కొత్త వాల్వును పసిపిల్లకు చొక్కా తొడిగినంత ఓపికగా బిగించాడు.

మళ్లీ నీళ్లు నింపి ఇంజను వేడెక్కించారు. చిన్న మేస్త్రి సీట్లో కూర్చుని మీట తిప్పాడు. వాల్వు తెరుచుకోలేదు, చల్లగాలే వస్తోంది. పక్కన లాయరుగారు వాచీ చూసుకుంటున్నారు. మనవాడికి ఒళ్లు మండింది.

"నాన్నా, వాల్వు తియ్యి!" అని కేకేశాడు. చేత్తో తెరవమని అతని ఉద్దేశం.

బానెట్ వెనక నుంచి తండ్రి తలెత్తాడు. "ఇప్పుడా? కాలిపోతోంది కదరా."

"తియ్యమంటే తియ్యి! ప్రతిదానికీ ఒక ప్రశ్న!"

షెడ్డులో తియ్యడమంటే విప్పి బయట పెట్టడమే. పెద్దాయన పానా అందుకున్నాడు. బోల్టులు వదులయ్యాయో లేదో, సలసల కాగే నీళ్లు ఎగదన్ని ముంజేయంతా కాల్చేశాయి.

కొడుకు దూకి ఇంజను ఆపాడు. ఆపినవాడు ఊరుకోవచ్చు కదా! "చూశారా సార్, ముసలాయనకి బుర్ర పనిచెయ్యట్లేదు," అనేశాడు.

"అయితే ఇకమీదట నా బండి నువ్వే చూడు," అన్నారు లాయరుగారు. పెద్దాయన వింటూనే ఉన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది చిన్న మేస్త్రికి. తియ్యి అన్నది తనే. అడిగినా వినిపించుకోనిది తనే. సిగ్గుపడ్డాడు గానీ, లాయరుగారి ముందు ఒప్పుకోలేదు.

ఇంట్లో కోడలు కట్టు కడుతూ, "ఎలా అయింది మామయ్యా?" అంది.

"నేనే తొందరపడ్డానమ్మా."

పక్కనే తింటున్న కొడుకు ఆ మాట విన్నాడు. అప్పుడైనా చెప్పాడా అంటే, అదీ లేదు.

మర్నాడు షెడ్డు తెరిచాక, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని తండ్రి దగ్గరికెళ్లాడు. "తప్పు నాదే నాన్నా. తెరవమనాల్సింది, తియ్యమన్నాను."

"తెలుసురా," అన్నాడు తండ్రి. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. "సాయంత్రం లాయరుగారు బండి కోసం వస్తారుగా. ఆయన ముందు ఈ మాటే ఇంకోసారి చెబుతావా?"