చచ్చిన పిల్ల గొంతు

ఎవరైనా జంతువుల భాష గురించి ముద్దుముద్దుగా మాట్లాడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ భాష నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు మా దొడ్డిలో ఏం చేసి పోయారో నేను కళ్లారా చూశాను.

మాది మోత్కూరు దగ్గర ఊరు. తాతల నాటి నుంచి గొర్రెలే మాకు బతుకు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, నేను సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నప్పుడు, గొర్రెల అరుపుల మీద పరిశోధన చేసే ఒక మేడమ్ పట్నం నుంచి జీపులో వచ్చింది. వెంట ఒక విద్యార్థి ఉన్నాడు. బాపు పొంగిపోయాడు. "మన గొర్ల మీద గూడ సదువులు సదువుతున్నరంటె మామూలు ముచ్చటనా?" అంటూ మంచం వాల్చి, చాయ్ పోయించి, దొడ్డి మొత్తం వాళ్లకు అప్పగించాడు.

నిజం చెప్పాలంటే మొదట్లో నాకూ సరదాగానే ఉండేది. వాళ్లు కర్రకు మైకు కట్టి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని గొర్రెల మధ్య కూర్చునేవాళ్లు. రికార్డు చేసిన అరుపు కంప్యూటర్లో గీతలుగా కనబడేది. ఏ రెండు గొర్రెపిల్లల గీతలూ ఒక్క తీరుగా లేవు. కొత్తగా ఈనిన గొర్రె తన పిల్లను నాకుతూ, నోరు తెరవకుండా సన్నగా గురగురమంటుందని, ఆ చప్పుడు పిల్ల కోసమేనని మేడమ్ చెప్పింది. పిల్ల అరుపును తడిక చాటు నుంచి స్పీకర్లో వినిపించి, తల్లి గుర్తుపడుతుందో లేదో కూడా చూస్తారట.

ఆ రోజుల్లోనే ఒక గొర్రె ఈని చచ్చిపోయింది, దాని పిల్ల మిగిలింది. మరో గొర్రె, నల్లది, దాని పిల్లేమో, మేడమ్ వాళ్లు అరుపు రికార్డు చేసుకున్నాక, పారుడు పట్టి విరేచనాలతో పోయింది. ఇలాంటప్పుడు మా ఇళ్లలో ఎవరైనా చేసే పనే బాపు చేశాడు. చచ్చిన పిల్ల తోలు ఒలిచి, తల్లిలేని పిల్ల వీపు మీద కప్పి సుతిలి తాడుతో కట్టాడు. వాసన చూసి తన పిల్లే అనుకుని నల్లగొర్రె పాలివ్వాలి. ఇవ్వకపోతే ఆ పిల్ల బతకదు. సీసా పెడితే చీకే సత్తువ కూడా దానికి లేదు.

అమ్మ ఆ రెండింటినీ ఒక మూలన కట్టేసి పక్కనే కూర్చుంది. గొర్రె మొదట తన్నింది. తర్వాత తోలు వాసన చూసింది, మళ్లీ చూసింది. మధ్యాహ్నానికి పిల్ల పొదుగులో మూతి పెడితే ఊరుకుని పాలు చేపింది. అమ్మ ముఖం విచ్చుకుంది.

"ఎవ్వలు దీని దిక్కు రావద్దు. పొద్దుగూకేదాంక గిట్లనే ఉంటె అదే నాకుతది," అంది.

మేడమ్ ఆ పిల్లను ఫొటో తీసుకుంది. తోలెందుకు కట్టారని అడిగితే నేనే వివరంగా చెప్పాను. "చాలా ఇంట్రెస్టింగ్ అండీ," అంది.

ఆ తర్వాత కాసేపటికి, తడిక అవతలి నుంచి చచ్చిన పిల్ల అరిచింది.

నల్లగొర్రె తలెత్తి, తాడు తెంపుకుని, పొదుగు కింది పిల్లను తొక్కుకుంటూ తడిక మీదికి ఉరికింది. స్పీకర్ అరిస్తే ఇది అరుస్తోంది, ఇది అరిస్తే స్పీకర్ మళ్లీ అరుస్తోంది. పాలు ధారగా నేలపాలవుతున్నాయి. మేడమ్ విద్యార్థికి బొటనవేలెత్తి చూపించింది. అంత సంతోషం ఆమె ముఖంలో అంతకుముందు చూడలేదు.

"బందు చెయ్యి!" అమ్మ ఉరికొచ్చింది. "సచ్చిన పిల్లతోని తల్లిని పిలిపిస్తవా? నిన్నొక తల్లి కనలేదా?"

స్పీకర్ ఆగింది. "సారీ అమ్మా, ఇలా అవుతుందనుకోలేదు. మీరు ముందే చెప్పి ఉండాల్సింది," అంది మేడమ్.

ముందే చెప్పాలట! ఎదురుగా కట్టి ఉన్న తోలును ఫొటో తీసుకున్న మనిషికి ఇంకా ఏం చెప్పాలి? గొర్రె గొంతులో ఏ వణుకు ఏమిటో గీతల్లో చదివే మనిషికి, అమ్మ నోటితో చెప్పిన మాట వినబడలేదా? నోటికొచ్చినట్టు అడిగాను. బాపు నన్నే ఆపాడు. "పోనీ తియ్యి బిడ్డా, ఇంటికి వచ్చినోళ్లు," అన్నాడు. జీపు కదిలేదాకా చేతులు జోడించే ఉన్నాడు. ఆ మర్యాద చూసి నాకు బాపు మీద కూడా చెప్పలేనంత కోపం వచ్చింది.

నల్లగొర్రె ఇక పిల్లను దగ్గరికి రానివ్వలేదు. తోలు వాసన చూపించబోతే తలతో పొడిచింది. తడిక దగ్గర నిలబడి అరిచేది. దాని వెనక నిలబడి ఆకలికి ఈ పిల్ల అరిచేది. అమ్మ గొర్రె కాళ్లు కట్టి కూడా చూసింది, పాలు చేపలేదు. సీసాపాలు పిల్లకు పడలేదు. దాని గొంతు బొంగురుపోయింది. చివరికి నోరు తెరిచినా చప్పుడు రాలేదు. అమ్మ ఒళ్లోనే పోయింది.

మేడమ్‌కు ఫోన్ చేశాను. తిట్టాలనే చేశాను. "ఆ తోలు కట్టిన పిల్ల చచ్చిపోయింది," అన్నాను.

"అయ్యో," అంది. నిజంగానే బాధపడినట్టు వినిపించింది. ఆ తర్వాత అడిగింది.

"అది మా శాంపిల్లో లేదు కదండీ?"