దాపటికి మళ్లమన్నాడు

దాపట అంటే ఎడమ. ఈ ఒక్క ముక్క ఆ సాయంత్రమే తార్నాకలో, పదిమందిలో, నేను చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అందుకే మా హాస్టల్ వాళ్లు ఎక్కడ కలిసినా, నాతో ఒకే గదిలో ఉన్నవాడు నన్ను కావాలని గుట్టల్లో దారి తప్పించాడనే కథ చెప్పుకుని మొన్నటిదాకా నవ్వేవాళ్లు. వింటుంటే ఒళ్లు మండేది. ముందు వాళ్ల మీద, వెంటనే నా మీద.

అరవైల చివరి రోజులు. నేను కోస్తా నుంచి యూనివర్సిటీలో చదవడానికి వచ్చిన గుమస్తా కొడుకుని. అతను తెలంగాణ రైతు కుటుంబం వాడు. ఏడాది పొడుగునా అతని తెలుగు దిద్దడమే నాకు కాలక్షేపం. "గాడ కాదురా, అక్కడ" అనేవాణ్ణి. "నువ్వు పంతులువైతే పోరగాండ్లు బడి ఇడిచి ఉరుకుతరు" అని నవ్వేవాడు.

ఒక ఆదివారం క్యాంపస్ నుంచి గుట్టల మీదుగా మౌలాలి దాకా ఒంటరిగా నడవాలనిపించింది. మౌలాలిలో ఉన్న మేనమామ ఇంటికి అతను ఎప్పుడూ ఆ దారినే పోయేవాడు.

"సూడు, ఏనుగు లెక్క ఒక గుండు వస్తది. గాడ దాపటికి మళ్లు. లేకుంటే దినమంత రాళ్లల్ల తిరుగుడే."

"ఏనుగుకి తొండం కూడా ఉంటుందా?"

"ఉంటది. నీ ముక్కంత."

దాపటికి అన్న మాట నాకు అర్థం కాలేదు. అడగలేదు. అతనికి తెలుగు నేర్పుతున్నవాణ్ణి, ఒక తెలుగు మాటకు అర్థమేమిటని ఎలా అడుగుతాను? దాపు అంటే దగ్గర కదా, గుండును ఆనుకుని తిరగమన్నాడని సరిపెట్టుకున్నాను. ఆ గుండురాయి దగ్గర బాట రెండుగా చీలింది. నీడగా ఉందని కుడివైపు తిరిగాను.

కాసేపటికి బాట పలచబడి మేకలు నడిచిన జాడగా మారింది. తర్వాత అదీ పోయింది. బండ ఎక్కితే దూరంగా కొండ మీద దర్గా తెల్లగా కనిపించేది, దిగితే మాయం. ఎటు దిగినా మళ్లీ బండలే, తుమ్మముళ్లే. నీళ్లయిపోయాయి. చెప్పు తెగింది. భయం పెరిగినకొద్దీ అతని మీద కోపం పెరిగింది. "కావాలనే చేశావురా!" అని ఆ రాళ్ల మధ్య నిలబడి గొంతు పోయేలా తిట్టాను. భయమేస్తోందని ఒప్పుకోవడం కన్నా అది తేలిక.

పొద్దు వాలుతుండగా రైలు కూత వినిపించింది. అటు దిగి, పట్టాల వెంట సీతాఫల్‌మండి దాకా కుంటుకుంటూ వచ్చి, అక్కణ్ణుంచి తార్నాక చేరాను. మేం రోజూ కూర్చునే ఇరానీ హోటల్లో హాస్టల్ వాళ్లు ఉన్నారు. చాయ్ సగం తాగకముందే అనేశాను: "ఆంధ్రావాణ్ణని నన్ను గుట్టల్లో వదిలేశాడు." ఊళ్లో అలాంటి మాటలు ఇట్టే అంటుకునే రోజులవి. తెలిసే అన్నాను.

అప్పుడే అతను లోపలికొచ్చాడు. మధ్యాహ్నమైనా నేను రాలేదని గుట్టల్లో వెతికి వస్తున్నాడు. మోచేతులు గీరుకుపోయాయి. చేతిలో నా కోసం పట్టుకెళ్లిన నీళ్ల సీసా నిండుగానే ఉంది.

"బతికున్నవార! యాడ సచ్చినవ్?"

"నువ్వు పంపిన చోటే."

"దాపటికని చెప్పిన గదరా!" ఎడమ చెయ్యెత్తి ఊపాడు. "గిటు! కాడికి దాపటెద్దును ఏ దిక్కు కడ్తరు? మీ దిక్కు ఎద్దులే లేవా?"

"ఎద్దుల భాషలో దారి చెప్తే మనిషికెలా తెలుస్తుందిరా?" అన్నాడొకడు. హోటలంతా గొల్లుమంది.

నాకు ఆ క్షణమే అర్థమైంది. అతను నా వైపే చూస్తున్నాడు. ఒక్క మాట సాయం వస్తానని. నేను సాసర్లో చాయ్ ఊదుకుంటూ కూర్చున్నాను.

ఆ రోజు నుంచి అతని పేరు 'దాపట' అయింది. "వాణ్ణి దారి అడక్కండ్రోయ్" అని మెస్‌లో వెక్కిరించేవాళ్లు. కొన్నాళ్లకు పెట్టె సర్దుకుని సీతాఫల్‌మండిలో అద్దెగదికి వెళ్లిపోయాడు. నీళ్ల సీసా మాత్రం నా మంచం కిందే వదిలేశాడు.

మొన్న క్యాంపస్‌లో పాతవాళ్లందరం కలిశాం. అతనూ వచ్చాడు, జుట్టు నెరిసి. "అరే దాపటా, ఇటు రారా!" అని ఎవడో కేకేశాడు. అతను కోప్పడలేదు, అదే తన పేరైనట్టు అటు నడిచాడు. అది చూసి నాకొచ్చిన కోపానికి, లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది. అందరికీ వినిపించేలా చెప్పాను.

"ఆ రోజు వీడు దారి సరిగ్గానే చెప్పాడు. ఆ మాట నాకు తెలియదు. అడగడానికి నామోషీ వేసింది. హోటల్లో చెయ్యెత్తి చూపించినప్పుడు తెలిసింది. అయినా నోరు విప్పలేదు."

అతని వైపు తిరిగాను.

"తప్పు నాదిరా. నన్ను క్షమించు."