పెట్రోలు మూత మీద లక్క ముద్ర

నా చిన్నప్పుడు మా ఇంట్లో ముద్ర పడని వస్తువు చూద్దామన్నా దొరికేది కాదు. మా తాతయ్యది కొడవలూరు దగ్గర వరి సేద్యం. కళ్లంలో వడ్లు రాశి పోశాక ఎవరూ చెయ్యి పెట్టకుండా, అక్షరాలు చెక్కిన కొయ్యదిమ్మెతో రాశి చుట్టూ తడిమట్టి ముద్రలు వేయడం మా పక్క రైతులు చేసేదే. అందులో తప్పేమీ లేదు. కానీ మా తాతయ్యకు ఆ అలవాటు కళ్లంతో ఆగలేదు. నెయ్యి జాడీ మూతకు ముద్ర, బెల్లం కుండకు ముద్ర. మా అవ్వ ఎప్పుడైనా పాయసం చేయాలంటే ఆయన వచ్చి ముద్ర పగలగొట్టేదాకా పొయ్యి ముందు కూర్చోవాల్సిందే. ఈ సంగతి చెబితే విన్నవాళ్లు నవ్వుతారు. నాకు మాత్రం వెగటు పుడుతుంది.

ఆయన దగ్గర ఒక నల్ల కారు ఉండేది. నెల్లూరులో ఒక బియ్యం వ్యాపారి వాడి వాడి వదిలేస్తే కొన్నాడు. నాకంటే దాని వయసే ఎక్కువ. దాన్ని నడిపే మనిషి పులికాట్ సరస్సు పక్క ఊరివాడు. వాళ్ల వాళ్లంతా చేపలు పట్టి బతికేవాళ్లే. ఈయనొక్కడే పడవ వదిలిపెట్టి లారీ క్లీనరుగా చేరి, ఎన్నో ఏళ్లకు స్టీరింగు పట్టుకున్నాడు. నేను డ్రైవరన్న అని పిలిచేదాన్ని. తక్కువ మాట్లాడే మనిషి. పొద్దున్నే కారును ఎద్దును కడిగినంత ఓపిగ్గా కడిగేవాడు.

పెట్రోలు ధర పెరిగిందని అందరూ గగ్గోలు పెట్టిన ఏడాది మా తాతయ్య కన్ను కారు ట్యాంకు మీద పడింది. డ్రైవరు పెట్రోలు తీసి అమ్ముకుంటున్నాడేమోనని అనుమానం. ఎవరూ చెప్పింది లేదు, ఆయన చూసింది లేదు. కమ్మరి చేత బిగువైన కొత్త మూత చేయించాడు. దాని లోపల సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి వేశాడు. అది చాలదన్నట్టు మూత చుట్టూ లక్క పోసి, వేలి ఉంగరంతో ముద్ర కొట్టాడు. పెట్రోలు పక్కన నిప్పు వద్దని డ్రైవరన్న బతిమాలితే, ఆ లక్కను దూరంగా వంటింట్లో కరిగించి తెప్పించాడు. అప్పటినుంచి ట్యాంకు నింపిన ప్రతిసారీ అదే తంతు.

ఆ వారంలోనే కారు దారిలో ఆగిపోవడం మొదలుపెట్టింది. బయలుదేరినప్పుడు బాగానే ఉండేది. కొన్ని మైళ్లు పోయాక దగ్గు వచ్చినట్టు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయేది. అరగంట నిలబెడితే మళ్లీ కదిలేది, ఇంకొంత దూరం పోయి మళ్లీ ఆగేది. నెల్లూరు మెకానిక్కు ప్లగ్గులు మార్చాడు, కార్బొరేటరు విప్పి కడిగాడు, పెట్రోలు పంపు కొత్తది వేశాడు. ఏం చేసినా దాని రోగం కుదరలేదు. చివరికి చేతులు తుడుచుకుంటూ, పెట్రోల్లో కిరసనాయిలు కలిసిందేమో చూసుకోండి అనేశాడు. ఆ ఒక్క మాట చాలు మా తాతయ్యకు. డ్రైవరు పెట్రోలు అమ్ముకుని, ఆ మేరకు కిరసనాయిలు పోస్తున్నాడని తేల్చేసుకున్నాడు.

పైగా ఆయనకు కళ్లెదుట ఒక రుజువు కూడా ఉండేది. ఆయన కారులో ఉన్నప్పుడు బండి ఆగితే దిగి, లక్క పగలగొట్టి, మూత తీసి, పుల్ల ముంచి పెట్రోలు ఎంత ఉందో చూసేవాడు. మూత పెట్టి వచ్చి కూర్చోగానే కారు ఠక్కున స్టార్టయ్యేది. "చూసినావా, నేను మూత మీద చెయ్యేస్తేగానీ వీడి నాటకం ఆగదు" అనేవాడు. డ్రైవరన్న గేరు వేసేవాడు. తన ఇంటి ఉప్పు తింటున్న మనిషిని పిల్లల ముందు వాడు, వీడు అంటూ మాట్లాడటం అప్పట్లో పెద్దరికం కింద చెల్లిపోయేది. ఆ పెద్దరికాన్ని తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

దొరవారిసత్రంలో మాకు కొంత పొలం ఉండేది. అక్కడ మా బాబాయి సేద్యం చూసేవాడు. విత్తనాలో మందులో పంపాల్సినప్పుడల్లా కారు పోయేది. తాతయ్య నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి పంపడం మొదలుపెట్టాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆడపిల్ల, పైగా చిన్నది, దీని ముందు వాడు జాగ్రత్తపడడు అని ఆయన ఎత్తు. తిరిగి రాగానే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తన కంచంలోంచి ముద్దలు కలిపి పెడుతూ, ఎక్కడ ఆగారు, వాడు ఎందుకు దిగాడు, మూత ముట్టుకున్నాడా అని అడిగేవాడు. ఇంట్లో అంతమంది పిల్లల్లో ఆ కంచం దగ్గర చోటు నాకొక్కదానికే దొరికింది. మొదటిసారి ఏమీ లేదు తాతా అన్నాను. రెండోసారి కూడా అదే అన్నాను. ఆయన ముఖం ముడుచుకుని, నాకు ఇంకో ముద్ద పెట్టకుండా చెయ్యి కడిగేసుకున్నాడు.

మూడోసారి నేను, తీసినాడు తాతా, అన్నాను. గూడూరు దగ్గర ఆపి మూత తీసినాడు, పైపు కూడా పెట్టినాడు అని, ఆయన అడగని పైపును నేనే చేర్చాను. ఎండకు లక్క ఒకచోట బీటలు వారి ఉంది. ఆయనకు ఆ సాక్ష్యం సరిపోయింది. ఆ పూట నాకు పెరుగన్నం దాకా తినిపించాడు. నేను కడుపునిండా తిన్నాను కూడా. ఇది రాస్తుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

మర్నాడు కూలీలందరూ పనికొచ్చే వేళ చూసుకుని, నెల్లూరు పోయి అప్పుడే కారుతో తిరిగొచ్చిన డ్రైవరన్నను తాతయ్య వాకిట్లోకి పిలిచాడు. ఆయన కళ్లముందే లక్క పగలగొట్టి, మూత తీసి, ట్యాంకులోకి రబ్బరు గొట్టం వేసి రెండో కొస చేతికిచ్చాడు. పీల్చి, కిరసనాయిలు కలిసిందో లేదో నోటితో చెప్పమన్నాడు. సీసాలోకి తీసి వాసన చూడొచ్చు గదా పెద్దాయనా అని ఆ మనిషి బతిమాలాడు. మా తాతయ్యకు అది తెలియక కాదు. పదిమంది చూస్తుండగా ఆ గొట్టం ఆ మనిషి నోట్లో ఉండాలి, ఆయనకు కావాల్సింది అదీ. డ్రైవరన్న పీల్చాడు. గుక్కెడు లోపలికి పోయింది. గోడ పట్టుకుని వంగి కక్కుకుంటుంటే చొక్కా ముందంతా తడిసిపోయింది. కూలీల్లో ఒకరిద్దరు నవ్వారు. "ఏంరా, కిరసనాయిలు రుచి తెలిసిందా?" అన్నాడు మా తాతయ్య. నేను అరుగు మీద నిలబడి అంతా చూశాను. ఛీ, ఒక్క మాట నా నోటి నుంచి రాలేదు.

డ్రైవరన్న ముఖం కడుక్కొచ్చి నిలబడ్డాడు. పని పోతే పోయింది గానీ దొంగ అన్న పేరుతో పంపబాకండి అన్నాడు. ఆ పేరు పడితే నెల్లూరులో ఎవరూ స్టీరింగు చేతికివ్వరు. ఆయనకు వచ్చిన పని అదొక్కటే. "రేపొక్కసారి నాతో రాండి పెద్దాయనా. సీలు మీరే వేయండి. బండి ఎందుకు ఆగుతుండాదో చూపిస్తా. చూపించలేకపోతే మీరేమన్నా పడతా" అన్నాడు. తాతయ్య ఒప్పుకున్నాడు. దొంగను ఇంకోసారి పట్టుకోవచ్చన్న సరదాతో ఒప్పుకున్నాడనే నేను అంటాను. "పాపను గూడా తీసుకురాండి" అని డ్రైవరన్న అన్నప్పుడు మాత్రం నేను అరుగు దిగి వంటింట్లోకి పోయాను.

మరుసటి రోజు పొద్దున్నే ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, తాతయ్య తన చేత్తోనే లక్క పోసి ముద్ర కొట్టాడు. నెల్లూరు దాటి కొంచెం దూరం పోగానే కారు దగ్గి ఆగింది. తాతయ్య అలవాటుగా మూత దగ్గరికి పోబోతే డ్రైవరన్న అడ్డం వచ్చాడు. "ముట్టుకోబాకండి. చెవి పెట్టి వినండి." నన్ను కూడా వంగి వినమన్నాడు. లక్క గీకేసి, మూతను పిసరంత వదులు చేశాడు. బుస్సుమంది. వెంటనే బిగించేసి, బీడీ కట్ట మీది పల్చటి కాగితం చింపి మూత అంచున ఆనించి, మళ్లీ పిసరంత వదిలాడు. కాగితం ఆ సందుకు అతుక్కుపోయింది. గాలి బయటికి రావడం లేదు, లోపలికి పోతోంది. మూత పూర్తిగా తీసి పెట్టాక కారు ఒక్క తిప్పుకే స్టార్టయింది.

అంతటితో ఆయన గెలిచానని అనుకోలేదు. నాకు బాగా గుర్తున్నది అదే. మూత మళ్లీ గట్టిగా బిగించి నడిపితే మనుబోలు దగ్గర ఆగింది. వదిలితే కదిలింది. ఇంకోసారి బిగించాడు, గూడూరు రాకముందే ఆగింది. అప్పుడు లోపలి సైకిలు ట్యూబు ముక్క పీకేసి, మూత ఊరికే పెట్టి నడిపాడు. దొరవారిసత్రం దాకా ఒక్క కుదుపు లేదు. ముందురోజు వాకిట్లో తాతయ్య మూత తీసినప్పుడు పక్కనే నిలబడి ఉండబట్టి ఆ బుస్సు డ్రైవరన్న చెవిన పడిందట. నోట్లో మంటతో నిద్రపట్టక, కారు ఎప్పుడెప్పుడు ఆగిందో ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాడట. ట్యాంకు సగం ఖాళీ అయినప్పుడు తక్కువగా, నిండుగా ఉండి కొత్తగా ముద్ర పడ్డప్పుడు ఎక్కువగా ఆగుతోందని అప్పుడు తట్టిందట.

మా బాబాయి వాకిట్లో కారు ఆపి, ఇదంతా తాతయ్యకు చెప్పే ముందు డ్రైవరన్న నన్ను అడిగాడు. "మీ ఇంట్లో నూనె డబ్బాకు ఎన్ని బొక్కలు పెడతారు పాపా?" రెండు అన్నాను. ఒకటే పెడితే నూనె సరిగ్గా కారదని అవ్వ తిడుతుందన్నాను. "ఇదీ అట్టనే. లోపలికి గాలి పోకపోతే పెట్రోలు బయటికి రాదు. గాలి పోయే దారి లేకుండా మనం మూసేసినాం" అన్నాడు. మనం అన్నాడు. మీరు అని ఉండొచ్చు, అనలేదు.

మా తాతయ్య ముఖం కందగడ్డలా అయింది. దొంగతనం ఆపడానికి తాను వేసిన ముద్రే కారును ఆపుతోందనీ, మూత తీసి చూసినప్పుడల్లా గాలి పోయి కారు కదిలిందనీ, దాన్నే తాను రుజువు అనుకున్నాననీ ఆయనకు అర్థమైంది. అయినా తగ్గబుద్ధి కాలేదు. "సరే, బండి సంగతి తేలింది. మరి నువ్వు మూత తీసి పైపు పెట్టినావని పిల్ల చెప్పిందే? పిల్ల అబద్ధమాడతదా?" అన్నాడు. మా బాబాయి, పొలం పనివాళ్లిద్దరు నా వైపు చూశారు.

ఆ మాట అబద్ధమని ఆ వాకిట్లో ఇద్దరికే తెలుసు. డ్రైవరన్న నన్ను ఒక్క క్షణం చూశాడు. ఆ చూపులో కోపం ఉందేమోనని వెతికాను, కనపడలేదు. "పాప నిద్రపోయింటది పెద్దాయనా. ఎండకు ఏదో కలొచ్చింటది" అన్నాడు. తాతయ్య నా గడ్డం పట్టుకుని ఎత్తి, "ఏమ్మా, కలా?" అని అడిగాడు. నేను తలూపాను.

మా తాతయ్య తప్పయిందని ఆ రోజూ అనలేదు, చనిపోయేదాకా అనలేదు. ఇంటికొచ్చాక డ్రైవరన్న పట్టుబట్టి అడిగితే, వీడు దొంగ కాదులే అని కూలీల ముందు అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. మూత సంగతి ఇన్నాళ్లు కనిపెట్టలేనోడు డ్రైవరేంది అని నవ్వించబోయాడు కూడా. డ్రైవరన్న తనకు కావాల్సిన ఆ మొదటి మాట విన్నాడు, తాళంచెవి అరుగు మీద పెట్టాడు, బస్సు రోడ్డు వైపు నడిచి వెళ్లిపోయాడు. తర్వాత నెల్లూరులో ఎవరి దగ్గరో కారు నడుపుతున్నాడని తెలిసింది.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఒకటి నాకు జీవితమంతా పనికొచ్చింది. ఇంట్లో ఏది పోయినా, ఏది చెడినా, ఎవరు చేశారని నేను ముందు అడగను. ఎప్పుడు మొదలైంది, అంతకు ముందు మనం ఏం మార్చాం అని అడుగుతాను. ఒకసారి సరిపోతే చాలదు, ఇంకోసారి చూడమంటాను. నా పిల్లలకు ఇది చాదస్తంగా ఉంటుంది. ఉండనీ.

రెండోదాన్ని మాత్రం ఇన్నేళ్లు నేనొక్కదాన్నే మోస్తున్నాను. తన పేరు కోసం కొట్లాడుతున్న ఆ పూట, పిల్ల అబద్ధం చెప్పిందని ఒక్క మాట అంటే ఆయనకు సరిపోయేది. ఆ మాట అనకుండా నా పరువు కాపాడాడు. నేను ఆ కల మాటను పట్టుకుని బయటపడ్డాను. మా ఇంట్లో అది పెద్ద హాస్యమై కూర్చుంది. దీన్ని కారెక్కిస్తే చాలు, నిద్రపోయి కలలు కంటుందని ఇప్పటికీ మా తమ్ముడు పిల్లలందరి ముందూ చెప్పి నవ్విస్తాడు. నేనూ వాళ్లతో కలిసి నవ్వుతాను. ఆ రోజు గూడూరు దారిలో నేను రెప్ప కూడా వేయలేదు.