రెండు వేళ్ళ మేస్త్రి

ఏసీలు బాగుచేసేవాళ్ళు వీధికి నలుగురుంటారు. ఫోన్ చేస్తే వస్తారు, గేజు తగిలిస్తారు, "గ్యాసు పోయిందండీ" అంటారు. పోయింది గ్యాసో, మన తలరాతో ఎవడికి తెలుసు! మన మేస్త్రి మాత్రం ఆ బాపతు కాదు. మిషను ఆన్ చేయించి, బయట పెట్టె దగ్గర చతికిలబడి, లావు రాగి పైపు మీద చూపుడువేలూ మధ్యవేలూ ఆనించి కళ్ళు మూసుకునేవాడు. వైద్యుడు నాడి చూసినట్టే. కాసేపటికి కళ్ళు తెరిచి "కొంచెం తక్కువైంది" అనో, "ఎవడో బుద్ధిలేనివాడు ఎక్కువ కుక్కాడు" అనో అనేవాడు. అన్నాడంటే అన్నట్టే! అలా అలా ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్ళు తప్ప అందరూ మర్చిపోయారు. రెండు వేళ్ళ మేస్త్రి అంటే పసిపిల్లాడైనా షాపు చూపించేవాడు.

ఈ విద్య ఏ బళ్ళోనూ నేర్చింది కాదు. పెళ్ళికి ముందు ఐసు ఫ్యాక్టరీలో చేసిన రోజుల్లో, పైపులు పట్టుకుని పట్టుకుని వేళ్ళకి అబ్బింది. చల్లనంటే మీకూ నాకూ చల్లనే. ఆయనకి అందులో నానా రకాలు. కుండనీళ్ళ చల్లన వేరు, తడిబట్ట చల్లన వేరు, పళ్ళు జివ్వుమనిపించే చల్లన వేరు. లావు పైపు తడిబట్టలా తగిలితే గ్యాసు సరిపోయినట్టు లెక్క. గేజులు లేక కాదు, ఉన్నాయి, వాడేవాడు కూడా. కానీ ఆఖరి మాట వేళ్ళదే.

పైపు సైజు దగ్గర మాత్రం మహా మొండి. "ఇంకాస్త లావు పైపు వెయ్యండి మేస్త్రీ, బాగా చల్లబడుతుంది" అని ఎవరైనా సలహా ఇచ్చారా, అయిపోయారే!

"అయ్యా, మిషను లోపల నూనె ఉంటుంది. అది గ్యాసుతో పాటు పైపుల్లోకి పోతుంది. మళ్ళీ ఆ గ్యాసే దాన్ని మోసుకుని మేడ మీదికి ఎక్కించాలి. సన్నపైపు వేస్తే గ్యాసుకి ఊపిరాడదు. మరీ లావుది వేస్తే తీరిగ్గా షికారు చేస్తుంది, నూనెని కిందే వదిలేస్తుంది. అప్పుడు మీ మిషను నూనెలేక ఎండి చస్తుంది. మీ కాలికంటే పెద్ద చెప్పులేసుకుని మెట్లెక్కండి చూద్దాం!" అని కసిరేవాడు. కసిరినా మళ్ళీ ఆయన్నే పిలిచేవాళ్ళు.

అలాంటివాడి షాపులోకి బావమరిది వచ్చి చేరాడు. భార్య తమ్ముడు. ఏదో పెద్ద కంపెనీలో కొన్నేళ్ళు చేసి, అది విసుగెత్తి, బావతో కలిసి పనిచేస్తానన్నాడు. వస్తూ వస్తూ ఒక ఎలక్ట్రానిక్ తూకం పట్టుకొచ్చాడు. గ్యాసు సిలిండర్ని దాని మీద పెడితే ఎంత దిగిందో గ్రాములతో సహా చూపిస్తుంది.

"ఎంత చెట్టుకి అంత గాలి బావా, ఎంత పైపుకి అంత గ్యాసు" అనేవాడు. "కంపెనీవాడు పెట్టెలో నింపి పంపిన గ్యాసు ఐదు మీటర్ల పైపుకే. ఆపైన ఈ రకం మిషన్లకి మీటరుకి ఇరవై గ్రాములు. టేపుతో కొలువు, హెచ్చవెయ్యి, తూచి పొయ్యి. నీ వేళ్ళకి ఇంక పెన్షనిచ్చి ఇంటికి పంపు."

"ఒరేయ్, దాంతో కూరగాయలు తూచుకోరా. మీ అక్కకి పనికొస్తుంది" అని మేస్త్రి దాన్ని బల్లకిందికి తోసేశాడు. తోసేసినవాడికి అప్పుడేం తెలుసు!

తర్వాత ఏడాది తిరక్కముందే వేళ్ళు మొరాయించాయి. మొదట సన్నటి తొడుగేదో వేసుకున్నట్టుండేది. తిమ్మిరేమోలే అని చేతులు విదిలించుకునేవాడు. రానురాను లావు పైపూ ఒకటే, కిటికీ ఊచా ఒకటే. పొద్దున్నే వేడి టీ గ్లాసు పట్టుకుంటే వేడి తెలిసేది కాదు. పైకి గుంభనంగా ఉన్నా లోపల పైప్రాణాలు పైనే పోయేవి. ఎవరితో చెప్పుకుంటాడు? ఊరంతా నమ్ముకున్నది ఆ రెండు వేళ్ళనే. నాలుక చచ్చిపోయిందని వంటమనిషి చాటింపు వేసుకుంటాడా? అందుకని పిలిచినచోటికల్లా వెళ్ళి, వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని, ఏదో ఒకటి చెప్పేసి వచ్చేవాడు. కళ్ళు మూసుకోవడం ఒక్కటే మిగిలింది పాపం.

అలా నడిచినంత కాలం నడిచింది. ఒకసారి కుట్టుషాపు ఏసీలో మోతాదు మించి పోసేశాడు. అది నడవడం, ఆగిపోవడం, నడవడం, ఆగిపోవడం. బావమరిది చడీచప్పుడు లేకుండా వెళ్ళి ఎక్కువైంది తీసేసి వచ్చాడు.

"కుట్టుషాపులో గ్యాసు కాస్త ఎక్కువైంది బావా. సరిచేశాను" అన్నాడు.

"నేనేం ఎక్కువ పొయ్యలేదు! వాడి కరెంటే సరిగ్గా రాదు!" అని ఇంతెత్తున లేచాడు మేస్త్రి.

"నువ్వు పోశావని నేనన్నానా?" అన్నాడు బావమరిది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది.

ఇంట్లో మాత్రం ఎన్నాళ్ళు దాస్తాడు? ఒక మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు భార్య ఆయన ఎడమచెయ్యి పట్టుకుని ఆగిపోయింది. వేలి పక్కన నీళ్ళు నిండిన ఇంత పొక్కు.

"ఏమండీ, ఇదేంటి? ఎప్పుడు కాలింది?"

మేస్త్రి వేలు తిప్పి చూసుకున్నాడు. పొద్దున రాగి పైపులకి అతుకు వేసినప్పుడు మంట తగిలుంటుంది. తగిలినట్టే తెలియలేదు. "ఏమో, తెలియలేదు" అన్నాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని అందరూ అంటారు. మీకు కాలినట్టు కూడా తెలియకపోతే ఆకులెవరు పట్టుకోవాలి?" అంది ఆవిడ. సాయంత్రానికల్లా డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది. షుగరు నరాలని దెబ్బతీసిందనీ, మందులతో ఇంతటితో ఆపొచ్చు గానీ పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాట ఇవ్వలేననీ ఆయన చెప్పాడు.

మేస్త్రి ఇంటికొచ్చాక అన్నాడు: "రేపు ల్యాబు పని ఉంది. అది చేస్తాను. అది గనక తేడా వచ్చిందా, తాళాలు నీ తమ్ముడి చేతిలో పెట్టి ఇంట్లో కూర్చుంటాను. తెలియని వేళ్ళు పెట్టి జనాన్ని మోసం చెయ్యలేను."

"ముందు వాడితో చెప్పండి" అంది భార్య.

మేస్త్రి మర్నాడు పొద్దున వ్యాన్‌లో సామాను సర్దుతున్న బావమరిదితో, ఎటో చూస్తూ, "ఒరేయ్, బల్లకింద ఆ తూకం ఉంది చూడు, అది కూడా తీసుకురా" అన్నాడు. బావమరిదికి అర్థమైపోయింది. వేళాకోళం ఆడడానికి అంతకంటే మంచి అదను మళ్ళీ దొరకదు. అయినా మారుమాట లేకుండా తూకం తీసి, దుమ్ము తుడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మంచి పిల్లాడు.

ల్యాబంటే రక్తపరీక్షలు చేసే రెండు గదుల చోటు. దాన్ని నడిపేది ఒక మేడమ్. ల్యాబులో పాత ఏసీ కాలం చేసింది. గది వేడెక్కితే పరీక్షల మిషను తనంతట తనే ఆగిపోతుంది. అందుకని పరీక్షల రసాయనాలు పక్క మందులషాపువాళ్ళ ఫ్రిజ్‌లో పెట్టింది, వాటిని సాయంత్రానికల్లా వెనక్కి తెచ్చుకోవాలి. కొత్త ఏసీ మిషను పైన డాబా మీద, చల్లగాలి పెట్టె కింద గదిలో. మధ్యలో గోడలోంచీ సీలింగ్ మీంచీ పోయే రాగి పైపులు పాతవే. ఒకప్పుడు మేస్త్రి స్వయంగా వేసినవి. కొత్త మిషనుకి ఆ సైజులే సరిపోతాయని బావమరిది కంపెనీ పట్టిక చూసి ఖాయం చేశాడు.

ఆ పాత పైపులు లోపల కడిగారు. నైట్రోజన్ ఎక్కించి అతుకులన్నిటికీ సబ్బునురగ రాశారు, ఎక్కడా బుడగ రాలేదు. పంపు పెట్టి లోపలి గాలంతా లాగేశారు. టేపుతో గోడవెంట, సీలింగ్ కింద ఈ చివర్నుంచి ఆ చివరికి కొలిచి, హెచ్చవేసి, తూచి మరీ గ్యాసు పోశారు. మేస్త్రి తూకం అంకెల వంకే చూస్తూ నిలబడ్డాడు. వేళ్ళు జేబులో ఉన్నాయి.

అలకగానే పండగా! గది చల్లబడడం మొదలుపెట్టింది గానీ సగంలో మొండికేసింది. బావమరిది డాబా ఎక్కి లావు పైపు పట్టుకుని దిగొచ్చాడు.

"చల్లగానే ఉంది బావా. పైపుకి చెమట మాత్రం పట్టలేదు. నాకు చల్లనంటే చల్లనే, నీలాగా అందులో రకాలు తెలియవు."

"లెక్క?"

"మూడుసార్లు చూశాను. లెక్క కరెక్టే. ఇంకో గుక్కెడు పోసేద్దామా?"

"ఎంత గుక్కెడు? కుట్టుషాపులో నేను పోసినంతా?" అన్నాడు మేస్త్రి. తప్పు ఒప్పుకున్నట్టు ఆయనకే తర్వాత తెలిసింది. బల్ల మీద కూలబడ్డాడు. వేళ్ళకి తెలియదు. తూకమూ ఇంతే అంది. ఇంక తాళాలు ఇచ్చెయ్యడమే. తన బతుకులో తను పెట్టిన మిషన్ల కిందే ఎంతమంది హాయిగా నిద్రపోయారు! తనకి మాత్రం ఒళ్ళంతా ముచ్చెమటలు పడుతున్నాయి.

పక్కన చతికిలబడ్డ బావమరిది విసుగ్గా సీలింగ్ వంక చూసి, "గ్యాసంతా మింగెయ్యడానికి పైన ఏ పామైనా చుట్టుకుని పడుకుందా ఏంటి!" అన్నాడు.

మేస్త్రి ఒక్క ఉదుటున లేచాడు.

"ఒరేయ్, నిచ్చెన! నిచ్చెన తే!"

"ఏమైంది బావా?"

"పాము కాదురా, నేనే! ఈ పైపులు వేసిన రోజు మిషను వెనకవైపు గోడకి పెడతామన్నారు. దానికి తగ్గ పైపు తెచ్చుకున్నాను. తీరా వచ్చాక డాబా మీదికి మార్చారు. మిగిలింది కొయ్యడానికి మనసొప్పలేదు. రేపు మళ్ళీ మార్చినా మారుస్తారని చుట్టచుట్టి పైన పడేశాను. అప్పటి మిషనుకి వేళ్ళతో పోశాను కాబట్టి కొలతతో పని పడలేదు!"

సీలింగ్ పలక పక్కకి జరపగానే దుమ్ములోంచి పైపు చుట్ట కనిపించింది. మేస్త్రి నిచ్చెన మీదే నిలబడి చుట్ట చుట్టకీ మోచెయ్యి ఆనించి మూరలు వేశాడు. మోచేతికి స్పర్శ ఎక్కడికీ పోలేదుగా! ఆయన పైనుంచి మూరలు చెప్పడం, కింద బావమరిది మీటర్లలోకి మార్చి ఇరవైతో హెచ్చవేయడం. ఆరు మీటర్లకి నూట ఇరవై గ్రాములు తేలింది. సిలిండరు తిరగేసి, అంకె సరిగ్గా అక్కడికి రాగానే కట్టేశారు.

ఈసారి మేస్త్రే డాబా ఎక్కాడు. వేళ్ళు ఆనించలేదు, చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి లావు పైపు మీద సన్నగా తేమ పట్టింది. తేమ చుక్కలైంది. ఒక చుక్క జారి కింద సిమెంటు మీద పడింది. హమ్మయ్య! గుండెల మీద కుంపటి దింపినట్టయి, అక్కడే గోడకి జారగిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

గది చల్లబడిందని చెప్పడానికి మేడమ్ కూడా మెట్లెక్కి వచ్చింది. "మేస్త్రీ, ఎప్పటిలాగా మీ రెండు వేళ్ళూ పెట్టి బాగుందని ఒక్కమాట చెప్పండి. అప్పుడే నాకు నమ్మకం" అంది.

బావమరిది గతుక్కుమన్నాడు. మేస్త్రి వేళ్ళ వంక చూసుకున్నాడు. ఎప్పటిలాగా కళ్ళు మూసుకుంటే అయిపోయేది. మూసుకోలేదు.

"నా వేళ్ళకి ఇప్పుడు ఏమీ తెలియదమ్మా. షుగరొచ్చి మొద్దుబారాయి. గ్యాసు తూచి పోశాం. కావాలంటే మీరే ముట్టుకుని చూడండి."

మేడమ్ వంగి పైపు మీద రెండు వేళ్ళు పెట్టింది. "అబ్బ, తడిబట్టలా ఉంది!" అంది. లేచి, "అది సరే, వేళ్ళకి తెలియకపోతే పైన చుట్ట ఉందని ఎవరికి తెలిసింది మేస్త్రీ?" అని అడిగింది.

ముందు బావమరిది నవ్వాడు, ఆ తర్వాత మేస్త్రికీ నవ్వొచ్చింది. ఎన్నాళ్ళయిందో ఆయన అలా నవ్వి.

ఇంటికెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

"చల్లబడిందా?"

"చల్లబడింది."

"చెప్పారా?"

"ల్యాబు మేడమ్‌కే చెప్పేశాను, ఇంక నీ తమ్ముడెంత! ఎంత హాయిగా ఉందనుకున్నావు!"

ఆవిడ పొక్కుకి మందు రాస్తూ, ఇకమీదట మంటతో అతుకులు వేసే పని తమ్ముడిదీ, కొలతా తూకమూ మీదీ అని పంచేసింది. మేస్త్రి తాళాలు జేబులోంచి తీసి, ఎప్పటిలాగా తలుపు పక్క మేకుకి తగిలించాడు.

మర్నాడు పొద్దున షాపు తెరిచాక ఆ తూకం బల్లకిందికి పోలేదు, బల్ల మీదే కూర్చుంది. ఫోన్ మోగితే భార్య తీసింది. రెండు వేళ్ళ మేస్త్రిగారు ఉన్నారా అని అవతల ఎవరో అడిగారు.

"ఉన్నారండీ" అంది ఆవిడ. "వస్తారు. మీ పైపు ఎంత పొడుగుందో ముందే చెప్పండి. పైన చుట్టలేమైనా ఉంటే అవి కూడా."