ఎస్తేరు మేడమ్ ఆపిన సంతకం

మోండా మార్కెట్లో మసాలా దినుసుల కొట్టు ముందు నిలబడితే చాలు, లవంగాల ఘాటు ముక్కుకు తగులుతుంది. ఇంకెవరికైనా బిర్యానీ గుర్తొస్తుందేమో, నాకు మాత్రం ఎస్తేరు మేడమ్ గుర్తొస్తారు. ఆవిడ మా కాలేజీలో స్టాటిస్టిక్స్ విభాగానికి హెడ్డు. గొంతు పట్టేయకుండా క్లాసుకు ముందు ఒక లవంగం బుగ్గన పెట్టుకునేవారు. నరసాపురం నుంచి సికింద్రాబాద్ వచ్చి ముప్పై ఏళ్లయినా గోదావరి యాస వదల్లేదు. ఎవరు తన గదికి వెళ్లినా ముందు "టిఫిన్ చేశావా?" అని అడిగేవారు. తిట్టాల్సినవి ఉంటే ఆ తర్వాతే తిట్టేవారు.

ఎమ్మెస్సీలో చేరిన మొదటి నెలలోనే ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. మా నాన్న రెజిమెంటల్ బజార్‌లో ట్రంకుపెట్టెల కొట్టులో పనిచేసేవాడు. మొదటి టర్ము ఫీజు కట్టేసరికే ఆయనకు ఊపిరాడలేదు. "డిగ్రీ అయింది కద బిడ్డా, ఇగ చాలు. ఏదన్న నౌకరీ చూస్కో," అన్నాడు. మా కాలేజీలో పీజీ విద్యార్థులకు టీచింగ్ అసిస్టెంట్‌షిప్ అని ఒకటి ఉండేది. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు వారానికి రెండు ట్యుటోరియల్ క్లాసులు చెప్పి, వాళ్ల స్లిప్ టెస్టులు దిద్దితే ఫీజు మాఫీ, నెలనెలా కొంత స్టైపెండ్. టర్ము చివర రెన్యూవల్ కాగితం మీద హెడ్డు సంతకం పెడితేనే తర్వాతి టర్ముకూ ఉంటుంది. నా చదువంతా ఆ కాగితం మీదే ఆధారపడింది.

"క్లాసులో నోరు పెగులుతుందా?" అని అడిగారు మేడమ్. పెగులుతుందన్నాను. నిజానికి నాకు నోరు కొంచెం ఎక్కువే. అదే కొంప ముంచింది.

ఒకరోజు మేడమ్ ఇచ్చిన లెక్కల కాగితంలోంచి సగటులు చెబుతున్నాను. బస్సొకటి సికింద్రాబాద్ నుంచి యాప్రాల్‌కు గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో వెళ్లి, అదే దారిలో ముప్పై కిలోమీటర్ల వేగంతో తిరిగొస్తే మొత్తమ్మీద సగటు వేగం ఎంత? రెండూ కూడి, సగం చేసి, ఇరవై అయిదని టకటకా బోర్డు మీద రాసేశాను. మూడో బెంచీలోంచి మమత అనే అమ్మాయి లేచింది.

"మేడం, పోయేటప్పుడు మెల్లగ పోతది కద. అంటే ఆ స్పీడ్ మీదనే ఎక్కువ సేపు ఉంటది. మరి సగానికి సగం ఎట్లయితది?"

ఆ ప్రశ్న నా బుర్రకెక్కలేదు, ఎక్కించుకునే ఓపికా లేదు. నాకంటే చిన్నపిల్ల నలభై మంది ముందు నన్ను నిలదీస్తోందన్నదే తలలో తిరిగింది. "ఫార్ములా నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా? కూర్చో," అన్నాను. కూర్చుంది.

టర్ము చివరి టెస్టులో మేడమ్ అదే లెక్క ఇచ్చారు. దిద్దడానికి పేపర్లతో పాటు జవాబుల కాగితం నా చేతికొచ్చింది. అందులో ఇరవై నాలుగని ఉంది. మమత ఆరోజు చెప్పిందే నిజం. పేపర్లు తిరగేస్తే అందరూ ఇరవై అయిదే రాశారు. తప్పని కొడితే క్లాసంతా మేడమ్ దగ్గరికి పోయి, నేనే అలా చెప్పానంటుంది. రెన్యూవల్ కాగితం చూస్తే అప్పటికే ఆవిడ టేబుల్ మీద ఉంది. అందరికీ మార్కులు వేసేశాను. ఒక్క మమత పేపర్లో మాత్రం ఇరవై నాలుగుంది. దానికీ మార్కు వేస్తే పిల్లలు పేపర్లు పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. ఇంటూ కొట్టాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తోంది.

దిద్దిన కట్టలోంచి నాలుగైదు పేపర్లు లాగి చూడటం మేడమ్ అలవాటు. రెండో రోజు పిలిచారు. టిఫిన్ సంగతి అడగలేదు. మమత పేపరు నా ముందు పెట్టారు.

"క్లాసులో తప్పు చెప్పావు. ఎవరైనా చెబుతారు, నేనూ చెప్పాను. మిగతావాళ్లకి మార్కులేసి నిన్ను నువ్వు కాపాడుకున్నావు, పోనీ. ఈ పిల్లేం చేసిందమ్మా నీకు?"

రెన్యూవల్ పోతే చదువు పోతుందని ఏడుస్తూ చెప్పాను.

"తెలుసు. అందుకే దాన్నింకా చింపలేదు. రేపు నీ క్లాసుంది కదా, వెళ్లు. నేను రాను, ఎవర్నీ అడగను. అక్కడ ఏం చెప్పావో నువ్వే వచ్చి చెప్పు. అప్పుడు చూద్దాం."

మర్నాడు అదే లెక్క మళ్లీ బోర్డు మీద వేశాను. తప్పు నాదని, మమత ఆరోజే సరిగ్గా అడిగిందని, తెలిసి తెలిసి ఆమె జవాబు కొట్టేశానని చెప్పాను. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. చాక్‌పీసు మమతకిచ్చి, వెళ్లి ఆమె చోట్లో కూర్చున్నాను. ఎంత శుభ్రంగా చెప్పిందో! చాక్‌పీసు తిరిగి ఇస్తూ మెల్లగా అంది: "నేను సుత ట్వంటీ ఫైవే రాద్దామనుకున్న మేడం. మీరు తిట్టినంక మస్తు పరేషాన్ అయిన."

ఆ మాటతో సహా అంతా వెళ్లి ఎస్తేరు మేడమ్‌కు చెప్పాను. ఆవిడ మమత మార్కు సరిచేయించి, నా కాగితం మీద సంతకం పెట్టారు.

"మరి మిగతావాళ్ల మార్కులు మేడమ్?" అన్నాను.

"ఉంచు. వాళ్లు చేసిన తప్పల్లా నిన్ను నమ్మడమే కదా."

ఆ సంతకంతోనే నా ఎమ్మెస్సీ పూర్తయింది. ఆవిడ పోయి మూడేళ్లయింది. బతికుండగా థాంక్స్ చెప్పబోతే "సర్లేవమ్మా, ముందు పేపర్లు దిద్దు," అనేవారు. ఆ రోజు ఆవిడ నన్ను ఆ పనిలోంచి తీసేసినా, ఊరికే క్షమించేసినా నేను పాఠం చెప్పే మనిషిని అయ్యేదాన్ని కాదు. ఇప్పుడు నేనూ లెక్చరర్ని. దిద్దుతున్న కట్టలో ఒక్క పేపరు మిగతావాటికంటే వేరుగా ఉంటే కలం పక్కన పెట్టి, ముందు నా లెక్క మళ్లీ చేసి చూసుకుంటాను. ఎక్కువసార్లు తప్పు ఆ పిల్లలదే. ఎప్పుడో ఒకసారి నాదవుతుంది. అప్పుడు క్లాసుకు వెళ్లి, ఎవరు కరెక్టో వాళ్ల పేరు గట్టిగా చెప్పి, బోర్డు తుడిచి మొదటి నుంచి చెబుతాను.