దుర్యోధనుడి మఖమల్ కోటు

మా మామకు దుర్యోధనుడి వేషం వాళ్ల నాయన దగ్గర్నుంచి వచ్చింది. ఆ వేషానికున్న మఖమల్ కోటు మాత్రం ఎలుకల పాలైంది. డెబ్బైల చివర్లో పుంగనూరులో నాటకం ఒప్పుకున్నాక ట్రంకుపెట్టె తెరిస్తే వీపు, కుడి చెయ్యి, నల్లబడిన జరీ మిగిలున్నాయి.

"మా నాయన కోటు మాదిరే కుట్టిస్తే ఆడతా. లేకుంటే వేషం ఇంకొకరికి ఇయ్యండప్పా," అని మామ మొండికేసినాడు.

ఇంట్లోనే నాయన దగ్గర అక్షరాలు, అవ్వ దగ్గర సూదిపని నేర్చుకున్నదాన్ని నేను. కొత్త కోటుకు పూసల పని నా వంతుకొచ్చింది. జరీ అంచు మదనపల్లె నేతాయన నేసిచ్చినాడు. కుట్టు మా వీధి టైలరుది. రోజూ దీపం పెట్టి, ఆ పాత గుడ్డను కళ్లకద్దుకుని పనిలో కూర్చునేదాన్ని.

"దుర్యోధనుడికి మొక్కేది లోకంలో నువ్వొక్కదానివేమ్మా," అనేవాడు టైలరు.

"ఆయనకు కాదన్నా, కుట్టినోళ్లకు."

పాత కోటుకు చంక కింద జానెడు చీలిక ఉండింది. "ఎలకలు ఈడ గూడా భోంచేసినాయి," అని టైలరు కొత్తదానికి రెండు చంకలూ గట్టిగా మూసి కుట్టేసినాడు. మేమూ సరే అనుకున్నాం.

కుప్పం నుంచి హార్మోనియం ఆయన రాగానే రిహార్సలు పెట్టినారు. మామ కోటు తొడుక్కుని, గద ఎత్తి పద్యం అందుకున్నాడు. రాగం సగంలో గొంతు తెగింది. మళ్లీ ఎత్తుకుంటే మళ్లీ అక్కడే.

"వయసైపాయ. ఇంక నా వల్ల కాదప్పా," అని కుర్చీలో కూలబడి గుండీలు విప్పబోయినాడు.

హార్మోనియం ఆయన లేచొచ్చి మామ చంక కింద వేళ్లు పెట్టి చూసినాడు. దూరలేదు. "వయసు కాదు, ఏం కాదు. మీ నాయన కోటుకు ఈడ తాళ్లుండేవి. రాగం తీసే ముందు వదులు చేసుకునేటోడు. ఇంత బిగిస్తే ఊపిరి యాడికి పోవల్ల?"

రిహార్సలు చూడొచ్చిన నేతాయన పాత గుడ్డను వెలుతురుకు పట్టినాడు. చీలిక పొడుగునా అంచు మడిచి కుట్టి ఉంది.

"ఎలకలు అంచు మడిచి కుట్టవు గదప్పా," అన్నాడు టైలరుతో.

"మా వీధి ఎలకలు కుడతాయిలే," అంటూ టైలరు కత్తెర తీసినాడు. తాళ్లు నేను పేనినాను.

నాటకం నాడు మామ ఆ రాగం చివరిదాకా తీసినాడు. టైలరు పద్యం వినలేదు, మామ చెయ్యెత్తినప్పుడల్లా చంకే చూస్తాండాడు. నేను మనసులోనే వాళ్లందరి చేతులకూ దండం పెట్టుకున్నాను. జనం వన్స్ మోర్ అని గోల పెట్టినారు. మామ నిదానంగా తాళ్లు ఇంకాస్త వదులు చేసుకుని, పద్యం మొదటికొచ్చినాడు.